కంటికొక చోటు, చేతికొక చోటు

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలమునకు పోవువారికి సారపాక దాటి గోదావరి వంతెన నెక్కినంతనే ఆవలి యొడ్డు కనబడును. భద్రాచలము దాటి దుమ్ముగూడెము, చర్ల వైపు సాగిన త్రోవకు ఒక ప్రక్క నది, వేఱొక ప్రక్క అడవి. ఈ త్రోవ పొడుగున నున్న పల్లెలలో, పెంకుటిండ్ల వసారాలయందు, 2020వ సంవత్సరమున ఒక క్రొత్త దృశ్యము కానవచ్చెను. ఆ యేడు మార్చి నెలాఖరున కరోనా వ్యాధి కారణముగా దేశమంతట లాక్‌డౌన్ విధింపబడెను. తరువాతి మాసములలో హైదరాబాదు, బెంగుళూరు నగరములయందు కంప్యూటరు ఉద్యోగములు చేయుచుండిన యువతీయువకులు పలువురు తమ ల్యాప్‌టాపులను సంచిలో నుంచుకొని స్వగ్రామములకు చేరుకొనిరి. సెప్టెంబరు 1 నుండి తెలంగాణ పాఠశాలల పాఠములు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా ఇండ్లకే వచ్చెను. డిసెంబరులో ఖమ్మము నగరమున ఐ.టి. హబ్ ప్రారంభింపబడెను. ఆఫీసు పని అడవి అంచు వఱకు నడచి వచ్చెను. ఆఫీసు బల్లయు, ఆఫీసు కుర్చీయు మాత్రము దాని వెంట రాలేదు.

మొదటి దినములలో ఎవరికి దొరకిన చోట వారు కూర్చుండిరి. ఒకరు నులకమంచము మీద చేరి, ఒడిలో దిండు పెట్టుకొని, ఆ దిండుపై ల్యాప్‌టాప్ నుంచుకొనిరి. ఒకరు కుట్టుమిషను బల్లను, ఇంకొకరు ధాన్యపు బస్తాలను ఆశ్రయించిరి. సెల్‌ఫోను సిగ్నలు ఏ మూల నందిన ఆ మూలనే పీట వేసికొన్నవారును కలరు. ఒకటి రెండు వారములు గడచునప్పటికి మెడ పట్టివేయుట, భుజములు లాగుట, వ్రేళ్లు తిమ్మిరెక్కుట, కన్నులు మండుట ప్రారంభమయ్యెను.

ఖమ్మము ప్రాంతము మిరపపంటకు పేరు పొందినది. ప్రొద్దుననగా పోయి, సాయంకాలము వఱకు వంగి మిరపకాయలు కోసి వచ్చిన తల్లికి, నీడపట్టున కూర్చుండి వ్రేళ్లు మాత్రమే కదల్చు కుమారుడు ‘మెడ నొప్పి’ యని మూల్గుట వింతగా తోచినచో ఆమె తప్పు లేదు. ఆ సందేహమునకు సమాధానము కలదు. కోతకు పోయినవారి నొప్పి తక్కువదని కాదు. ఆ నొప్పి వేఱు, ఈ నొప్పి వేఱు. కాయ కోయునప్పుడు చేతి కండరము బిగియును, వెంటనే వదలును. వదలిన ప్రతిసారి దానిలోనికి క్రొత్త రక్తము ప్రవహించును. కదలక కూర్చున్నవాని మెడ కండరము అట్లు కాదు. అది తలను పడిపోనీయక గంటల తరబడి బిగిసియే యుండును. బిగిసిన కండరము తనలోని సన్నని రక్తనాళములను తానే నొక్కివేయును. అందుచేత దానికి ప్రాణవాయువు చాలినంత అందదు, మలినములు తొలగిపోవు. నీళ్లబిందెను ఎత్తి దించుట కంటె, చేయి చాచి కదలకుండ పట్టుకొని నిలుచుట కష్టమని యెవరైనను పరీక్షించి చూడవచ్చును.

మనుష్యుని తల బరువు సుమారు 5 కిలోగ్రాములు. అది వెన్నెముకపై నిటారుగా నిలిచినంతసేపు మెడకు శ్రమ లేదు. అడవి నుండి తునికాకు మోపులను నెత్తిమీద పెట్టుకొని వచ్చు స్త్రీలు మెడను ఎంత నిటారుగా నుంతురో చూడుడు. బరువు ఎముకల వరుసపై తిన్నగా దిగుచున్నంత వఱకు అది మోయదగినదే. తల ముందునకు వంగిన క్షణమున లెక్క మాఱును. అప్పుడు వెనుక నున్న కండరములు త్రాళ్లవలె తలను వెనుకకు లాగి పట్టుకొనవలెను. అమెరికాకు చెందిన కెన్నెత్ హన్స్‌రాజ్ అను వైద్యుడు 2014లో ఈ విషయమును గణితముచే లెక్కించెను. తల 15 డిగ్రీలు వంగినచో మెడపై పడు బలము సుమారు 12 కిలోగ్రాముల బరువుతో సమానమనియు, 30 డిగ్రీలు వంగినచో 18 కిలోగ్రాములతో, 60 డిగ్రీలు వంగినచో 27 కిలోగ్రాములతో సమానమనియు అతని లెక్క. ఇరువదియేడు కిలోగ్రాములనగా నిండు వంటగ్యాసు సిలిండరు కంటె కొంచెము తక్కువ. ఇది ఒక నమూనాపై కట్టిన లెక్కయే గాని, జీవించియున్న మనుష్యుని మెడలో కొలత పెట్టి చూచినది కాదు. అయినను వంగినకొలది భారము పెరుగునను మాట నిశ్చయము.

అయినచో తల వంచకుండ కూర్చుండరాదా? ల్యాప్‌టాప్ ఎదుట కూర్చున్నవానికి అది సాధ్యము కాదు. లోపము మనుష్యునిలో లేదు, యంత్రపు నిర్మాణములోనే యున్నది. కన్ను చూడవలసిన తెరయు, చేయి నొక్కవలసిన కీబోర్డును ఒకే కీలుతో బంధింపబడి యున్నవి. చేయి మోచేతి యెత్తున పని చేయగోరును; కన్ను తన యెత్తునకు కొంచెము దిగువను చూడగోరును. కూర్చున్న మనుష్యునికి మోచేతికిని కంటికిని నడుమ సుమారు అర మీటరు దూరము కలదు. యంత్రమును చేతికి అనుకూలముగా క్రింద నుంచినచో మెడ వంగును. కంటికి అనుకూలముగా పైన నుంచినచో భుజములు పైకి లేచి నొప్పి పుట్టును. ఇద్దరు బిడ్డలకు ఒకే చొక్కా కుట్టించినట్లున్నది దీని పరిస్థితి.

ఈ చిక్కు నేటిది కాదు. వ్రాత యెంత పాతదో ఇదియు నంత పాతది. తాటియాకులపై గంటముతో వ్రాసిన కాలమున లేఖకుడు నేలపై కూర్చుండి, ఎడమ చేత ఆకును, కుడి చేత గంటమును పట్టుకొనెడివాడు. ఆకు చేతిలోనే యుండెను గనుక, దానిని కంటికి కావలసినంత దగ్గఱకు ఎత్తుకొనుటకు వీలుండెను. పుస్తకమును చదువుటకు వ్యాసపీఠముండెను. ఎక్స్ ఆకారమున మడచు రెండు చెక్కల ఆ చిన్న సాధనము పుస్తకమును నేల నుండి లేపి, కంటివైపు వాల్చి నిలుపును. పెద్దలు దానిని గ్రంథమునందలి గౌరవముచే వాడిరని చెప్పుదురు. ఆ గౌరవము వలన మెడయు బాగుపడెను.

కాగితము వచ్చిన పిమ్మట స్థితి మాఱెను. కాగితమునకు అడుగున గట్టి ఆధారము కావలెను. కన్నే దాని యొద్దకు దిగిరావలసి వచ్చెను. భద్రాచలము ప్రాంతము 1959 వఱకు తూర్పు గోదావరి జిల్లాలో నుండెను. ఆ యేడు అది ఖమ్మము జిల్లాలో చేరెను. అందువలన గోదావరికి ఒక దరిని కరణము, వేఱొక దరిని పట్వారి లెక్కలు వ్రాసిరి. ఉద్యోగపు పేరు వేఱైనను ఇద్దరి నడుమును వంగినదే. ఏటవాలు పలక గల పొట్టి వ్రాతబల్ల దొరకినవాడు కొంత సుఖపడెను. బెర్నార్డినో రమజ్జీని అను ఇటలీ దేశపు వైద్యుడు వృత్తుల వలన గలుగు వ్యాధులను గూర్చి 1700లో ఒక గ్రంథము ప్రకటించెను. 1713లో దానికి చేర్చిన భాగమున అతడు వ్రాయసగాండ్ర బాధలను చెప్పుచు, ఎడతెగక కూర్చుండుటను, చేతిని ఒకే తీరున ఆడించుటను, మనస్సును బిగబట్టుకొని యుండుటను కారణములుగా నెంచెను. మూడు శతాబ్దముల పిమ్మట దుమ్ముగూడెపు వసారాలో కూర్చున్నవానికిని ఆ మూడు కారణములే చాలును.

టైప్‌రైటరు వచ్చి ఈ ముడిని కొంత విప్పెను. మీటలు క్రింద చేతివద్ద, చూచి కొట్టవలసిన కాగితము ప్రక్కన నిలువుపలకపై కంటివద్ద నుండెను. మీటలు ఎత్తుగా నుండును గనుక టైప్‌రైటరు బల్లలను మామూలు బల్లల కంటె తక్కువ యెత్తున చేసిరి. తరువాత వచ్చిన కంప్యూటరులోను తెర వేఱు, కీబోర్డు వేఱు. పిమ్మట యంత్రమును వెంట తీసికొనిపోవలెనను కోరిక పుట్టెను. 1981లో అమ్మకమునకు వచ్చిన ఆస్‌బోర్న్ అను చేతిపెట్టె కంప్యూటరు సుమారు 11 కిలోగ్రాములు తూగెను. మరుసటి యేడు వెలువడిన గ్రిడ్ కంపాస్ అను యంత్రమునకు బిల్ మాగ్రిడ్జ్ అను ఆంగ్లేయ రూపశిల్పి తెరను కీలుతో అమర్చి, పుస్తకమువలె మూసికొనునట్లు చేసెను. నేటి ల్యాప్‌టాపులన్నియు ఆ రూపమునే అనుసరించుచున్నవి. మోయుటకు అది గొప్ప సౌఖ్యము. టైప్‌రైటరు విప్పిన ముడి మాత్రము మరల పడెను. ల్యాప్‌టాప్ అనగా ‘ఒడిమీదిది’ అని యర్థము. పేరు పెట్టినవారు దానిని ఒడిలో నుంచుకొని పది గంటలు పని చేసియుండరు.

ఈ ముడిని విప్పుటకు ఉపాయము, తెరను కీబోర్డును మరల వేఱు చేయుటయే. వేఱొక తెరను, అనగా మానిటరును, ల్యాప్‌టాప్‌నకు తగిలించి, విడి కీబోర్డు, విడి మౌస్ పెట్టుకొనినచో కన్ను తన చోటున, చేయి తన చోటున నుండును. కాని సామగ్రి కొన్నంతమాత్రమున పని ముగియదు. మానిటరు కొని, దానిని ఎక్కడ పడిన అక్కడ నిలిపి, మునుపటి కంటె ఎక్కువ నొప్పి తెచ్చుకొన్నవారు పెక్కుమంది. అమరికకు కొలత కావలెను. కొలతకు కుట్టుపని టేపు చాలును.

చర్ల త్రోవలోని ఒక యింటిలో పాత టేకుబల్ల యొకటి యున్నదనుకొందము. దాని యెత్తు 75 సెంటీమీటర్లు. వడ్రంగులు సాధారణముగా చేయు బల్ల ఇదియే. కుర్చీ కూర్చుండు భాగము 45 సెంటీమీటర్ల యెత్తున నున్నది. పని చేయువాడు 165 సెంటీమీటర్ల పొడవు గల యువకుడు. అతడు కుర్చీలో నిటారుగా కూర్చుండి, చేతిని ప్రక్కకు వ్రేలాడవిడిచి, మోచేతిని లంబకోణముగా మడచినచో ఆ మోచేయి కుర్చీ నుండి సుమారు 23 సెంటీమీటర్ల యెత్తున, అనగా నేల నుండి 68 సెంటీమీటర్ల యెత్తున నుండును. బల్ల దాని కంటె 7 సెంటీమీటర్లు ఎక్కువ. ఇచ్చటనే మొదటి తప్పు బయటపడుచున్నది. చాలమంది తెరను గూర్చియే ఆలోచింతురు గాని, భుజముల నొప్పికి మూలము ఈ 7 సెంటీమీటర్లలో కలదు. చేతులు బల్లపైకి చేరుటకు భుజములను దినమంతయు పైకెత్తి పట్టవలసి వచ్చును.

బల్ల కాళ్లు కోయుట ఇంటివారికి సమ్మతము కాదు. కావున కుర్చీని పెంచవలెను. మందపు దుప్పటిని మడచి వేసికొని, కూర్చున్న పిమ్మట 6 సెంటీమీటర్లు లేచునట్లు చేసినచో మోచేయి 74 సెంటీమీటర్లకు వచ్చి బల్లతో సరిపడును. అప్పుడు పాదములు నేల నంటక వ్రేలాడును. తొడల అడుగుభాగము కుర్చీ అంచున నొక్కుకొని కాళ్లు తిమ్మిరెక్కును. దానికి ప్రతి యింటను మందు కలదు. భోజనమునకు వేసికొను పీటను పాదముల క్రింద నుంచినచో సరి. నడుము వద్ద లోపలికి వంపు తిరిగిన భాగమున తువ్వాలును చుట్టగా చుట్టి ఆనించుకొనినచో వీపునకు ఆధారము దొరకును. ఇంతవఱకు పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు తెర సంగతి. ఆ యువకుని కన్ను కుర్చీ నుండి సుమారు 72 సెంటీమీటర్ల యెత్తున నుండును. 45, 6, 72 కూడినచో 123. బల్ల 75 తీసివేయగా 48. అనగా అతని కన్ను బల్ల కంటె 48 సెంటీమీటర్లు పైన నున్నది. పదునైదున్నర అంగుళముల ల్యాప్‌టాప్ తెర పై అంచు బల్ల నుండి సుమారు 22 సెంటీమీటర్లు, దాని నడిమి భాగము 12 సెంటీమీటర్లు. చూపు తెర నడుమకు చేరుటకు 36 సెంటీమీటర్లు దిగవలెను. తెర 55 సెంటీమీటర్ల దూరమున నున్నచో ఆ దిగుడు సుమారు 33 డిగ్రీలు. కన్ను కొంత దిగును. మిగిలినదంతయు మెడ వంగవలసినదే.

తెర పై అంచు కంటి యెత్తునకు సరిగా గాని, కొంచెము దిగువను గాని ఉండుట మేలు. అప్పుడు తెర నడుమ చూచునప్పుడు చూపు 15, 20 డిగ్రీలు మాత్రమే దిగును. తల నిలిచియే యుండును. కంటి యెత్తును మించి తెరను లేపుట కూడ తప్పే. గడ్డము పైకి లేచి మెడ వెనుకకు ముడుచుకొనును. రెప్పలు బాగుగా తెఱచుకొనుట వలన కన్నులు త్వరగా ఆరిపోవును. చదువుటకు అడుగుభాగమున వేఱు అద్దము గల కళ్లజోడు ధరించు పెద్దవారు తెరను ఇంకను దించుకొనవలెను. లేనిచో ఆ అడుగు అద్దము నుండి చూచుటకై వారు దినమంతయు తల వెనుకకు వాల్చుచుందురు.

ఇరువదినాలుగు అంగుళముల మానిటరు తెర యెత్తు 30 సెంటీమీటర్లు. అంగుళములను మూల నుండి మూలకు కొలుతురు గనుక ఈ తేడా. దాని కాలు 10 సెంటీమీటర్లున్నచో పై అంచు 40 సెంటీమీటర్ల వద్ద నిలుచును. ఇంకను 5 సెంటీమీటర్లు లేపిన చాలును. దీనికి భద్రాచలము వారికి తగిన వస్తువు చేరువనే కలదు. వంతెన కీవల సారపాకలో 1979 నుండి కాగితపు మిల్లు నడచుచున్నది. కాగితము రీమునకు 500 తావులు. వ్రాతకు ముద్రణకు వాడు మామూలు తావు మందము మిల్లీమీటరులో పదియవ వంతు. కావున రీము మందము 5 సెంటీమీటర్లు. మానిటరు క్రింద ఒక రీము పెట్టినచో 45 సెంటీమీటర్లు వచ్చెను. ల్యాప్‌టాప్‌ను మూయక రెండవ తెరగా వాడుకొనదలచినచో దాని క్రింద నాలుగు రీములు పెట్టిన 42 సెంటీమీటర్లగును. రెండు తెరల తలలు ఇంచుమించు సమమైనవి. రీములు లేనివారు పాత పుస్తకములను గాని, గట్టి చెక్కపెట్టెను గాని వాడవచ్చును. గుణము ఎత్తులో నున్నది గాని వస్తువులో లేదు. కదలక నిలిచిన చాలును.

దూరము మాట చిన్నది. వీపు ఆనించి కూర్చుండి చేయి చాచినచో వ్రేళ్ల కొనలు తెరను తాకవలెను. పెద్ద తెరయైనచో ఇంకను కొంచెము వెనుకకు జరుపవచ్చును.

ప్రక్కప్రక్కన రెండు తెరలున్నప్పుడు దేనిని ఎదుట నుంచవలెనన్నది ముఖ్యము. ఏ తెరను ఎక్కువసేపు చూచునో అది ముక్కునకు సూటిగా నుండవలెను; కీబోర్డు నడుమయు దానికి సూటిగా నుండవలెను. రెండవది ప్రక్కన, లోపలికి తిరిగి, పుస్తకపు రెండు పుటలవలె కొంచెము వంగి యుండవలెను. ల్యాప్‌టాప్‌ను ఎదుట నుంచి, మానిటరును ప్రక్కకు నెట్టి, పని యంతయు మానిటరులో చేయువాడు దినమునకు ఎనిమిది గంటలు మెడ త్రిప్పి కూర్చున్నట్లే. రెండింటిని సమానముగా చూడవలసిన పని యున్నచో వాని కలయిక ముక్కునకు సూటిగా రావలెను. మఱియొక చిన్న సంగతి కలదు. మానిటరు బల్లపై ఎడమ వైపుననుండగా, యంత్రము దానిని కుడి వైపున నున్నట్లు భావించినచో బాణపుగుర్తు ఎదురు దిక్కునకు పారిపోవుచుండును. యంత్రపు అమరికలలో తెరల బొమ్మలను పట్టి లాగి, బల్లపై నున్న వరుసలోనే నిలిపినచో ఈ చికాకు తొలగును.

కీబోర్డు వెనుక నుండు చిన్న కాళ్లను విప్పి దానిని ఏటవాలుగా నుంచుట పలువురి యలవాటు. అది చూపునకు బాగుండునే గాని మణికట్టును పైకి విఱుచును. కాళ్లు మడచి, కీబోర్డును చదునుగా నుంచుట మంచిది. మౌస్ దాని ప్రక్కనే, అదే యెత్తున నుండవలెను. దూరమున నుంచినచో ప్రతిసారి భుజము చాచవలసి వచ్చును.

తెలుగులో పని చేయువారికి మఱియొక చిక్కు కలదు. ఆంగ్లాక్షరములు ఒకే వరుసలో నడచును. తెలుగు అక్షరమునకు తలకట్టు, గుడి, ఏత్వము పైన, ఒత్తు క్రింద, ‘స్త్ర్యా’ వంటి చోట ఒత్తు మీద ఒత్తు. ఆంగ్లమునకు చాలిన పరిమాణమున తెలుగును చదివినచో ‘ప’కును ‘ష’కును భేదము తెలియుట కష్టము. తెలియనప్పుడు మనుష్యుడు తనకు తెలియకయే తెరవైపు వంగును. అంతవఱకు కొలిచి పెట్టిన కొలతలన్నియు ఆ క్షణమున వ్యర్థములగును. కావున అక్షరములను పెద్దవి చేసికొని, పంక్తుల నడుమ దూరము పెంచుకొనవలెను. మెడ నొప్పికి మందు ఒక్కొక్కప్పుడు అక్షరమునందుండును.

వెలుతురు విషయమున పాత బడి నియమమే నేటికిని చెల్లును. కిటికీ ప్రక్కన నుండవలెను. తెర వెనుక కిటికీ యున్నచో ఎండ కన్నులలో పడును. వీపు వెనుక నున్నచో కిటికీ బొమ్మయే తెరలో కనబడి అక్షరములను మింగును. తెరను చూచుచున్నప్పుడు మనుష్యుడు రెప్పలార్చుట తగ్గించును. కన్నుల మంటకు ముఖ్యకారణమిది. ఇరువది నిమిషముల కొకమాఱు ఇరువది సెకనులపాటు ఇరువది అడుగుల ఆవలి వస్తువును చూడుమని నేత్రవైద్యులు చెప్పుదురు. దగ్గఱి వస్తువును చూచుటకు బిగిసియుండు కంటిలోని కండరము అప్పుడు వదలును. ఇరుకు నగరమున ఇరువది అడుగుల దూరము చూపునకు దొరకుట కష్టము గాని, చర్ల త్రోవలో కిటికీ తెఱచిన చాలును, గుట్టల వఱకు చూపు సాగును. త్రాగునీటి కుండను బల్లకు దూరముగా నుంచుకొనినచో అర గంటకైనను లేచి నడువక తప్పదు.

మనుష్యుని సౌఖ్యము చెప్పి యంత్రపు సౌఖ్యమును మఱచుట తగదు. కొత్తగూడెము, భద్రాచలము ప్రాంతమున వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలను దాటు దినములు కలవు. పెక్కు ల్యాప్‌టాపులు 35 డిగ్రీల వఱకు గల గాలిలో పని చేయుటకు నిర్మింపబడినవి. అడుగున నున్న రంధ్రముల ద్వారా గాలిని పీల్చి లోపలి వేడిని అవి వెడలగొట్టును. దిండుపై నుంచినచో ఆ రంధ్రములు మూసికొనిపోవును. నులకమంచము నాటి యంత్రములు ఊరక వేడెక్కలేదు. రీములపై నుంచినప్పుడు కూడ నడుమ రెండు సన్నని చెక్కబద్దలు పెట్టి గాలి యాడునట్లు చేయవలెను. కూలరు ఎదుట యంత్రము నుంచుట మంచిది కాదు. ఆ గాలిలో తడి యుండును. కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ తన బ్యాటరీతో నడచును గాని మానిటరు ఆరిపోవును. చేయుచున్న పనిని వెంటనే ల్యాప్‌టాప్ తెరపైకి తెచ్చుకొనుట ముందుగా నేర్చికొనవలెను. ఉఱుములు మెఱుపులు ప్రారంభమైనప్పుడు ప్లగ్గు ఊడదీయుట ఆ ప్రాంతమున అందఱకు తెలిసినదే. తీగలను నడచు త్రోవకు అడ్డముగా వేయరాదు. ఒక మేకపిల్ల కాలు తగిలినను మానిటరు నేలపాలగును.

పనికి మనుష్యుడు సరిపడుట గాక, మనుష్యునికి పని సరిపడవలెనను ఈ శాస్త్రమును ఎర్గానమిక్స్ అందురు. ఈ పేరును 1857లో పోలెండు దేశపు పండితుడొకడు కల్పించెను. శాస్త్రమునకు కొలతలు కావలెను. కొలతలు దేశమును బట్టి మాఱును. విదేశీయుల శరీరములకు చేసిన కుర్చీ మన పాదములను నేలకు అందనీయదు. అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థ 1997లో ప్రచురించిన గ్రంథమున దేబ్‌కుమార్ చక్రబర్తి భారతీయుల శరీర కొలతలను కూర్చి యిచ్చెను. అయినను ఆ గ్రంథములోని సంఖ్యలు పలువురి కొలతలను కలిపి తీసినవి. ఇంటిలో కూర్చుండువాడు ఒక్కడు. అతనిని కొలువవలసినది టేపుతోనే.

ఆ టేకుబల్ల యొద్దనే సాయంకాలము యువకుని చెల్లెలు కూర్చుండుననుకొందము. ఆమె యెనిమిదవ తరగతి. పొడవు 148 సెంటీమీటర్లు. అన్న కూర్చున్న దుప్పటిపైననే కూర్చున్నచో ఆమె మోచేయి 71 సెంటీమీటర్ల వద్ద నుండును. బల్ల ఇంకను 4 సెంటీమీటర్లు పైన నున్నది. కన్ను బల్ల కంటె 40 సెంటీమీటర్లు పైన. తెరయే దింపవలెనని మొదట తోచును. కాని చేతుల కొఱకు దుప్పటిపై ఇంకొక మడత వేసి 4 సెంటీమీటర్లు లేపినచో కన్నును దానితో పాటు 44కు లేచును. మానిటరు పై అంచు 45. ఆ యొక్క రీమును తీసివేసినచో 40, అది సరి. ఇక పాదముల మాట. కుర్చీ 55 సెంటీమీటర్లైనది, ఆమె కాళ్లు మోకాలి వఱకు 37 సెంటీమీటర్లు. అన్న వాడిన పీట చాలదు. దానిపై ఇంకొక గట్టి చెక్కపెట్టె పెట్టి 18 సెంటీమీటర్లు చేయవలెను. మరునాటి ఉదయము అన్న కూర్చుండునప్పటికి పెట్టె తీసి, మడత విప్పి, రీము మరల మానిటరు క్రిందికి చేర్చవలసి యుండును. అలవాటైన పిమ్మట ఆ మార్పునకు రెండు నిమిషములు చాలును.